జోడు తీయని బండి

ఎక్కుడు 118

బరువు: రాగిపిండి ఆరు మూటలు, ఉప్పు ఒక మూట, వలతాడు నాలుగు చుట్టలు, కోడిగుడ్లు ఒక గంప. అన్నీ బండి వెనకే. ఐదుంబావుకు బయలుదేరాం. తొమ్మిదీ ఇరవైకి తిరిగొచ్చాం. ఎండకూత పదికి వేస్తారు, అది మోగాక ఎవరూ బయట ఉండకూడదు. ఇంకా నలభై నిమిషాలు మిగిలింది.

బండి మీద తోడుగా పోయేవాళ్లు కొండెక్కిన ప్రతిసారీ, అంటే ప్రతి ఎక్కుడుకీ, ఈ పుస్తకంలో ఇంతే రాయాలి. పుస్తకం మారితే లెక్క మళ్లీ ఒకటి నుంచి. మూడో తరగతితో ఆపేసినదాన్ని, ఇంతకు మించి రాయగలనని కచేరీవాళ్లూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. కానీ ఈరోజు జరిగింది ఎక్కడో ఒకచోట రాయకపోతే నాకు ముద్ద దిగేలా లేదు.

మూడో మలుపు దగ్గర నా కోడలు హంపమ్మ స్టీరింగు పూర్తిగా తిప్పింది. ముందు చక్రాలు తిరగడం నా కళ్లతో చూశాను. చక్రాలు పక్కకి తిరిగాయి, బండి మాత్రం తిరగలేదు. కంకర మీద ముక్కుసూటిగా లోయవైపు జరజరా పోయింది. హంపమ్మ బ్రేకు తొక్కింది. ఆగింది. నేను దిగి మోచేతితో కొలిచాను. చక్రానికీ అంచుకీ మధ్య మూరెడు.

"అత్తా, కొలుస్తా కూచుంటే పొద్దు పోతాది. ఎక్కు."

"మూరెడే ఉంది మే."

"ఉంది గదా. లేనప్పుడు ఏడుద్దువులే."

వెనక్కి తీసి, మళ్లీ ముందుకు పోయి, రెండు విడతల్లో మలుపు దాటించింది. కొండపైన వలగట్టు చేరేదాకా నేను నోరు విప్పలేదు. నేను నోరు విప్పకపోతే హంపమ్మకి భయం. "ఏమైనా అను అత్తా, నువ్వు ఊరికే ఉంటే నాకు స్టీరింగు నిలవదు," అంటుంది.

ఎక్కుడు లేని రోజు

పొద్దున్నే ఇంటి పైకెక్కి, ఎండకి కరెంటు పట్టే పలకల మీద దుమ్ము తుడిచాను. పొడిగుడ్డతోనే తుడవాలి, తడిపితే కచేరీవాళ్లు తప్పు వేస్తారు, జరిమానా కట్టాలి. ఇంటికొచ్చే నీళ్లు రోజుకు పదకొండు చెంబులు. ఆ నీళ్లు ఎక్కడివంటే, కొండపైన వలగట్టులో పదకొండు కుటుంబాలవాళ్లు తెల్లవారుజామున పొగమంచుకి వలలు కట్టి పట్టినవి. గొట్టంలో కిందికి దిగుతాయి. వాళ్లకి తిండి, తాడు, మందులు పైకి పోయేది మాత్రం మా మోపుబండి మీదే. బండి మూడురోజులకోసారి పోకపోతే వాళ్లకి పిండి లేదు. వాళ్లు వలలు కుట్టకపోతే ఈ దిగువనీడలో నాలుగు వందల గడపలకి చెంబు నీళ్లు లేవు. అందుకని ‘ఈరోజు పోవద్దులే’ అనే మాట మా ఇంట్లో ఎవరూ అనరు. నేను మనసులో అనుకుంటాను, అంతే.

నాలుగేళ్ల కిందట నా కొడుకు మద్దిలేటి ఇదే బండి నడిపాడు. అదే మూడో మలుపు, దాటీదాటగానే ఉన్న రాళ్ల దారి. ఎక్కేటప్పుడు ముందు చక్రం రాయెక్కితే, వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచి ఉత్తినే గిరగిరా తిరిగిందట. నేలమీదున్న రెండోది తోయలేదట. బండి వెనక్కి జారి లోయలోకి పోయింది. ‘జోడు వేసి ఉంటే బతికేవాడు’ అని అందరూ అన్నారు. జోడు అంటే సీటు పక్కనుండే ఇనపకడ్డీ. దాన్ని లాగితే వెనక చక్రాలు రెండూ ఒకదానికొకటి కట్టేసినట్టు కలిసి తిరుగుతాయి, ఒకటి గాల్లో ఉన్నా రెండోది తోస్తుంది. వాడు వేయలేదు.

లోయలోంచి లాగి బాగుచేసిన బండిని హంపమ్మ తీసుకుంటానంది. తోడు నేనే పోతానన్నాను.

ఎక్కుడు 119

మూరెడుకి నాలుగు వేళ్లు తక్కువ.

దిగొచ్చాక నేరుగా కచేరీకి పోయాను. గోడకి ఫిర్యాదు పెట్టె బిగించి ఉంటుంది. దానికి మాట చెబితే అదే రాసుకుంటుంది, అదే బదులు చెబుతుంది. లోపల మనిషి లేడని తెలుసు. అయినా చెప్పులు విడిచి నిలబడ్డాను.

"బండి తిరగడం లేదయ్యా," అన్నాను.

"బండి తిరుగుట లేదని నమోదు చేసుకొనబడినది. ఎన్ని దినముల నుండి తిరుగుట లేదు?"

"నెల పైనైంది. మలుపుల్లో కంకర పోసినకాడి నుంచి."

"నెల దినములుగా బండి తిరుగుట లేదు. చింతిస్తున్నాము. చర్య తీసుకొనబడును."

చింతిస్తున్నాము అన్నందుకు ప్రాణం కాస్త కుదుటపడింది. ఇన్నాళ్లూ చింతించేది నేనొక్కదాన్నే అనుకున్నాను.

ఎక్కుడు 121

నిన్న కచేరీ నుంచి ఇద్దరు మనుషులు కొత్త బ్యాటరీ తెచ్చి బిగించిపోయారు. గొర్రెలు నీళ్లు తాగే తొట్టంత ఉంది. పాత బ్యాటరీ చిన్నది, మా సీటు కిందే ఉండేది. దాన్ని ఊడదీసి పట్టుకుపోయారు. ఈ తొట్టి సీటు కింద పట్టదని బండికి వెనక చివర, మూటల వెనకాల పెట్టి సీలు వేశారు. ఇదెందుకయ్యా అంటే, నెలరోజులుగా కదలకుండా పడి ఉన్న బండి అని రాసి ఉందంట, దానికి బలం చాలదంట.

"కదలకపోవడం కాదు నాయనా, కదిలితే ఆగడం లేదు!" అన్నాను.

"అట్లైతే బలం వచ్చేసినట్టే గదవ్వా," అన్నాడు వాళ్లలో ఒకడు, సంతోషంగా.

ఈరోజు జానెడు. మూర పోయి జానకొచ్చింది.

దిగేటప్పుడు మాత్రం ఈ బండి లేగదూడలా ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఎక్కేటప్పుడే ఈ మొండితనం. అదే దారి, అదే కంకర, అదే హంపమ్మ. ఇది నాకు అర్థం కాలేదు. రాసి పెడుతున్నాను.

ఎక్కుడు లేని రోజు

మళ్లీ పెట్టె దగ్గరికి పోయాను. ఈసారి మాట చూసుకొని అన్నాను. "చక్రం తిప్పినా తిరగడం లేదు."

"చక్రము తిరుగుట లేదు. గ్రీజు పంపబడును."

"గ్రీజు వద్దయ్యా. బండి తల తిరగడం లేదు. తల!"

పెట్టె కుర్రుమంది.

"తల తిరుగుట లేదని తెలిసి సంతోషించుచున్నాము. మీ ఆరోగ్యము నిలకడగా ఉన్నదని నమోదు చేసుకొనబడినది."

గోడని తన్నాను. కాలి బొటనవేలు వాచింది. వెనక వరసలో నిలబడిన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుకోనీ. వాళ్లు తాగే నీళ్లు ఏ బండి మీద ఆధారపడి ఉన్నాయో వాళ్లకి పట్టలేదు. రాత్రింబవళ్లు నేనొక్కదాన్నే పట్టించుకోవాలా? దీనికొక పేరైనా లేదు. పేరు లేని రోగానికి ఎవరు మందిస్తారు?

సాయంత్రం గ్రీజు డబ్బా వచ్చింది.

ఎక్కుడు 123

బెత్తెడు.

నాలుగు వేళ్లు ఆనించి చూశాను. ఐదో వేలు పట్టలేదు. కింద గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

హంపమ్మ స్టీరింగు వదల్లేదు. అప్పుడు నా వైపు చూడకుండా అంది: "అత్తా, వచ్చే ఎక్కుడు నుంచి నువ్వు రావొద్దు."

"ఏం, నేనేం బరువయ్యానా?"

"ముసలిదానివి. ఇంట్లో పలకలు తుడుచుకో. బండికి ఒకరు చాలు."

"తోడు లేకుండా బండి పోకూడదని రూలుంది."

"రూలు నేను సూసుకుంటా."

"నా కొడుకు పోయిన బండి ఇది. నన్ను దిగమనడానికి నువ్వెవరు మే?"

ఆ మాట అనకూడదు. వాడు దాని మొగుడు కూడా. అది వెనక్కి గేరు వేసింది. కంకర చక్రాల కింద నలుగుతుంటే దిగేదాకా ఇద్దరం దాన్నే విన్నాం.

ఇంట్లో అన్నం పెట్టింది. నా ముద్దలో నెయ్యి ఎక్కువే వేసింది. కోపంగా ఉన్నప్పుడు నాకు నెయ్యి ఎక్కువ వేస్తుంది.

ఎక్కుడు 124

నేను బండి దిగలేదు. నన్ను దించాలంటే మోసి దించాలి.

గుడ్లు రెండు గంపలయ్యాయి. వెనక ఆ మాయదారి తొట్టి పక్కన పెడితే కుదుపుకి పగులుతాయేమోనని, మూటల మధ్య సర్దుదామని చూశాను. చోటు చాలలేదు. రెండు పిండి మూటలు తెచ్చి ముందు నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. ఒకదాని మీద కాళ్లు, ఒకటి ఒళ్లో. ఊపిరాడలేదు. గుడ్లు మాత్రం పగలలేదు.

ఈరోజు జానెడు మిగిలింది. జానెడుకి పైనే. బెత్తెడు నుంచి జానెడుకి.

"గాలి మారినట్టుంది," అంది హంపమ్మ.

గాలి మారితే నా ఒళ్లో మూటకి తెలియదా? ఏం మారిందో రాసుకున్నాను. మూటలు రెండు ముందుకొచ్చాయి. ఇంకేమీ మారలేదు.

ఎక్కుడు లేని రోజు

పుస్తకం పట్టుకొని దస్తగిరి షెడ్డుకి పోయాను. దస్తగిరి మా నీడలో బండ్లు బాగుచేసే మనిషి. ఒకప్పుడు కచేరీలోనే పని. పెట్టె వచ్చాక మనుషులు అక్కర్లేదని తీసేశారు. ఇప్పుడు రేకుల కింద సొంతంగా పనిచేస్తున్నాడు. నలభై ఏళ్లుంటాయి. ఎగతాళి ఎక్కువ, చేతిపని నికరం.

"పేరేమో తిప్పమ్మ, బండి మాత్రం తిప్పలేకపోతివే అవ్వా," అన్నాడు నన్ను చూడగానే.

"నవ్వడం అయ్యాక చదువు."

మొదట నవ్వుకుంటూనే చదివాడు. మూరెడు, జానెడు, బెత్తెడు అని ఉన్నచోట వేలు ఆగింది. మూటల సంగతి రెండుసార్లు చదివాడు.

"బ్యాటరీ యాడ పెట్టినారు?"

"వెనక చివర."

"ముందు టైర్లు?"

"అరిగినవి ముందున్నాయి. కొత్తవి వచ్చినప్పుడు వెనక వేశారు. తోసేవి వెనకవే కదా అని."

"అందరూ అట్లనే ఏస్తారు. గాలి?"

"నిండా కొట్టించాను. మెత్తగా ఉంటే భయం నాకు."

దస్తగిరి నెత్తి గోక్కున్నాడు. పలక మీద బలపంతో రాశావా ఎప్పుడైనా అని అడిగాడు. రాశాను కదా, మూడేళ్లు. "బలపం ఆనించకుండా రాస్తే అచ్చరం పడుతుందా?" పడదు. "అంతే అవ్వా. ముందు చక్రం తిరిగితే చాలదు, నేలకి ఆనాల. ఎక్కుడులో బరువంతా వెనక్కి పోతాది. అది చాలదని నువ్వు మూటలన్నీ వెనకేస్తివి. కచేరీవాళ్లు తొట్టి వెనకేస్తిరి. అరిగిన టైర్లు ముందు, వాటికి నిండా గాలి, కింద వదులు కంకర. ముందు చక్రాలు బండిని పట్టుకోవడం మానేసినాయి. అవి తిరిగినా బండికి తెలీదు."

ఇన్నాళ్లకి ఒక మనిషి నా మాట నేను చెప్పినట్టు విన్నాడు. ఏడుపొచ్చింది, కానీ అతని ముందు ఏడవలేదు. బాగుచెయ్యి అన్నాను.

"బ్యాటరీకి సీలుంది గదా. తీస్తే తప్పేస్తారు."

"నువ్వు తియ్యి. నేను చూడలేదు."

"నువ్వు చూడలే, నేను తీయలే. సరే."

మధ్యాహ్నం షెడ్డు తలుపులు మూసుకొని పని చేశాడు. సీటు కింద చట్రం కోసి, వెడల్పు చేసి, తొట్టిని అక్కడికి చేర్చాడు. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాడు. ముందువాటిలో గాలి బొటనవేలితో నొక్కితే కాస్త దిగేంత ఉంచాడు. మలుపుకి ముందే నెమ్మది చేయమని, మలుపులో ఉన్నప్పుడు బ్రేకు తొక్కకుండా, బలం ఇవ్వకుండా ఉండమని హంపమ్మకి చెప్పమన్నాడు.

"అది దానికి తెలుసులే," అన్నాను.

"తెలుసు," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ముఖం తిప్పుకున్నాడు. నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఎక్కుడు 125

ఒకటో మలుపు ఒక్క విడతలో. రెండోది ఒక్క విడతలో. నాకు పాట పాడాలనిపించింది.

మూడోది తిరగలేదు.

ఇదివరకటి కన్నా నయమే. మూరెడు మిగిలింది. కానీ మూరెడు దగ్గర మొదలైందే కదా ఇదంతా! వెనక నుంచి ఏదో తోస్తోంది. ముందు చక్రాలు కంకరని కొరుకుతున్నాయి, ఆ చప్పుడు నాకు వినిపించింది. అవి తిప్పాలనే చూస్తున్నాయి. వెనకవి తిప్పనివ్వడం లేదు.

దిగొచ్చి చెప్పులు కూడా వేసుకోకుండా దస్తగిరి మీద పడ్డాను. సీలు తీసిన తప్పు కూడా నెత్తినేసుకుని చేయించుకుంటే, మళ్లీ మొదటికే తెచ్చావేం అని అరిచాను.

అతను చేతులు తుడుచుకుంటూ విన్నాడు. తర్వాత విసుక్కున్నాడు. "అవ్వా, జోడు వేసుకొని మలుపు తిరగమంటే ఏ బండి తిరుగుతాది? ఆ మాట రెండు నెలల కింద నీ కోడలికి చెప్పినా. వినకపోతే నేనేం సేసేది?"

"జోడు తీస్తే బండి వెనక్కి జారదా?"

"నేరుగా రాళ్లెక్కేటప్పుడు తీస్తే జారుతాది. మద్దిలేటి సంగతి అట్లనే అయింది. మలుపుకి వచ్చేటప్పటికి తీయాల, మలుపు దాటినాక ఏసుకోవాల. ఇద్దరు నిచ్చెన మోసుకుంటా మూల తిరుగుతారు గదా. లోపలోడు అడుగు చిన్నగా వేస్తాడు, బయటోడు పెద్దగా వేస్తాడు. ఇద్దరి కాళ్లూ కట్టేసి ఒకే అడుగు వేయమంటే మూల తిరగరు, పోయి గోడకి గుద్దుకుంటారు. జోడు వేస్తే వెనక చక్రాలు అట్ల అయిపోతాయి. దిగేటప్పుడు జోడు ఉండదు. అందుకే దిగేటప్పుడు తిరుగుతాంది. నీ పుస్తకంలోనే రాసుకున్నావు గదా!"

"మరి హంపమ్మ ఎందుకు తీయదు?"

ఎందుకో చెప్పనని దానికి మాటిచ్చాడట. నాకు అక్కడే గుర్తొచ్చింది. ఎందుకో అతను చెప్పనక్కర్లేదు.

ఎక్కుడు లేని రోజు

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

మద్దిలేటి పోయిన మరుసటి రోజు, మూడో మలుపు దగ్గర, లోయలోకి చూస్తూ నిలబడి, హంపమ్మ చెయ్యి లాగి నా నెత్తిన పెట్టుకున్నాను. ఎక్కుడు మొదలైన దగ్గర నుంచి ముగిసేదాకా జోడు తీయనని ఒట్టు వెయ్యమన్నాను. వేసింది. ఒట్టు తప్పితే ఎవరి తల మీద వేశారో వాళ్లు పోతారు. మావాళ్లలో దాన్ని మాటవరసకి అనుకోరు. మా అత్త అట్లాగే పోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

వేయించుకున్న సంగతే నేను మరిచిపోయాను. నెత్తిన బండెడు దిగుళ్లు పెట్టుకు తిరిగేదాన్ని, ఆ ఒక్కటి మరిచాను.

ఎండకూత వేశాక తలుపులన్నీ వేసుకొని, చీకట్లో చాప పరుస్తుంటే అడిగాను. "నీకు తెలుసా, జోడు సంగతి?"

"దస్తగిరి నోరు కుట్టేయాల," అంది.

"తెలుసా అంటే?"

"తెలుసు అత్తా. కంకర పోసినప్పుడే తెలిసింది."

"తెలిసి, రెండు నెలల నుంచి, బెత్తెడు అంచుకి తీసుకుపోతా ఉన్నావా? చచ్చిపోదువు కదే!"

"నేను పోతానో పోనో. బ్రేకు నా కాలి కింద ఉండాది. జోడు తీస్తే నువ్వు పోవడం ఖాయం గదా." చాప అంచు సరిచేస్తూ, ఉప్పు తెచ్చావా అన్నంత మామూలుగా అంది. "అందుకే దిగమన్నా. నువ్వు బండిలో లేకపోతే, ఏదైనా అయితే నా ఒక్కదానితో పోతాది అని. నీకేమో కోపమొచ్చె."

నేను దాన్ని ఎన్ని తిట్లు తిట్టానో రాయను. ఎవరి మీద తిట్టానో నాకే తెలియదు. కచేరీ మీద, పెట్టె మీద, కంకర మీద, దస్తగిరి మీద అయ్యాక ఇంక తిట్టడానికి నేనే మిగిలాను. బెంగపెట్టుకుంటే మనిషిని కాపాడినట్టే అనుకున్నాను ఇన్నేళ్లూ. నా బెంగే దాన్ని మలుపు మలుపుకీ అంచుకి తోసింది.

"ఒట్టు తీసేస్తా," అన్నాను.

"ఇంట్లో కూచొని తీస్తే తీసినట్టు కాదు. వేసినకాడే తీయాల."

అది నాకు తెలుసు. వేయించుకున్నవాళ్లే, వేసిన చోటే. అంటే ఇంకొక్కసారి జోడుతో మూడో మలుపు దాకా ఎక్కాలి.

ఎక్కుడు 126

బరువు: రాగిపిండి ఆరు మూటలు, పప్పు రెండు, తాడు రెండు చుట్టలు. నాలుగు మూటలు ముందు. ఐదింటికే బయలుదేరాం.

తెల్లారేసరికి దుమ్ము లేచింది. కొండవాలు సగం కనపడటం లేదు. మామూలుగా అయితే నేను పదిసార్లు వెనక్కి పోదాం అనేదాన్ని. ఈరోజు ఒక్కసారే అన్నాను.

మలుపుకి పది అడుగుల ముందు హంపమ్మ బండి ఆపింది. చక్రాల కింద రాళ్లు పెట్టాను, రెండు చాలవని నాలుగు. గాలికి చీర నిలవడం లేదు. బండికి వెనక, ఆనాడు నిలబడిన చోటే, అంచున గట్టు మీద ఒక రాయి ఉంది, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. హంపమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. నాలుగేళ్లలో దాని ముఖం నేను సరిగ్గా చూసిందే లేదు. నా కళ్లెప్పుడూ రోడ్డు మీదే. చెంపల మీద ఎముకలు తేలాయి. ముప్పై రెండేళ్లకే.

దాని చెయ్యి తీసుకొని నా నెత్తిన పెట్టుకున్నాను. తర్వాత ఆ చెయ్యి అక్కడి నుంచి తీసి గట్టు మీద రాయికి ఆనించాను. "వేయించుకున్నదాన్ని నేనే, తీసేదాన్ని నేనే. ఒట్టు తీసి గట్టున..." అంటుండగా వెనక చప్పుడైంది. గాలికో, బరువుకో రాళ్లు జారి బండి వెనక్కి కదిలింది.

హంపమ్మ లేచి పరుగెత్తింది. నేను "పెట్టాను" అనడం నాకు వినిపించింది. దానికి వినిపించిందో లేదో తెలియదు. ఎగిరి సీట్లో పడి బ్రేకు తొక్కింది. బండి ఆగింది. వెనక టైరు నా మోకాలికి బారెడు దూరంలో ఉంది.

"నువ్వు అక్కడే ఉండు అత్తా! నేను తిప్పుకొని వస్తా!"

"ముందు బరువు ఉండాల అన్నాడు కదే దస్తగిరి!" అని అరుస్తూ ఎక్కి మూటల మీద కూర్చున్నాను. నా బరువు నలభై మూడు కేజీలు. దేనికో ఒకదానికి పనికొస్తుంది.

బండి కదిలింది. మలుపు మొదట్లోకి రాగానే హంపమ్మ కడ్డీ మీద చెయ్యి వేసింది. వేసి, ఆగింది. నావైపు చూసింది.

"తియ్యి," అన్నాను.

"పెట్టాను అన్నావా? పూర్తిగా అన్నావా?"

"తియ్యవే!"

టక్కుమని తీసింది. స్టీరింగు తిప్పింది. మాకు ఎదురుగా ఉన్న లోయ పక్కకి జరిగింది. పక్కనున్న కొండ గోడ ముందుకొచ్చింది. ఒక్క విడతలో, బ్రేకు లేకుండా, మూడో మలుపు దాటాం. అంచుకీ చక్రానికీ మధ్య ఎంతుందో కొలవలేదు. బండి ఆపితే కదా కొలిచేది. ఒక మనిషి అడ్డంగా పడుకునేంత ఉండి ఉంటుంది.

"జోడు వెయ్యి, రాళ్లొస్తున్నాయి!" అన్నాను.

"ఏస్తాండా లే, కనపడతాంది!" అంది. ఆ గొంతులో నవ్వో ఏడుపో తెలియలేదు. దుమ్ము కదా, ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లే.

మిగతా నాలుగు మలుపుల్లోనూ తీసింది, వేసింది, తీసింది, వేసింది. వలగట్టులో పిండి దించుతుంటే అడిగింది, "గట్టున అన్నావు సరే, పెట్టాను అన్నావా?" అన్నాను అని చెప్పాను. దిగేటప్పుడు రెండోసారి అడిగింది. ఇంటి గడపలో మూడోసారి. "అట్లైతే నాకెందుకు వినపళ్ల?" అంది. గాలి అన్నాను. నమ్మినట్టు తలూపింది.

ఎండకూత వేశారు. తలుపులు వేసుకొని పడుకున్నాం. మూడోమలుపు గాలికి నాకు గొంతు పట్టేసింది, రెండుసార్లు దగ్గాను. అవతల చాప మీద హంపమ్మ కదలడం ఆగిపోయింది. కాసేపటికి చప్పుడు కాకుండా పాక్కుంటూ వచ్చింది. నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది, ఊపిరి ఆడుతోందా లేదా అని. వేలు గ్రీజు వాసన వేస్తోంది.

నేను మేలుకొనే ఉన్నాను. కళ్లు తెరవలేదు. తెరిస్తే సిగ్గుపడుతుంది, లేచిపోతుంది. అందుకని కదలకుండా, దాని వేలికి బాగా తగిలేలా, ఊపిరి గట్టిగా వదిలాను.